కిందపడిన రైఫిల్ గురి తప్పితే... సైట్ తిప్పే ముందు ఏం చూడాలి?

పట్టాలు తప్పిన వ్యాగన్‌ను క్రేన్‌తో ఎత్తి మళ్లీ పట్టాల మీద నిలబెట్టగానే దాన్ని ఎవరూ మెయిన్ లైన్‌లోకి పంపరు. ముందు చక్రాలు కొలుస్తారు. బ్రాడ్‌గేజ్‌లో ఒకే ఇరుసు మీద ఉన్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1,600 మిల్లీమీటర్లు ఉండాలి. అందులో కొద్ది మిల్లీమీటర్ల తేడా కనిపించినా ఆ చక్రాల జతను పక్కన పెడతారు. దెబ్బ తిన్న వస్తువు పైకి బాగానే కనిపించినంత మాత్రాన బాగున్నట్టు కాదని రైల్వే పట్టణాల్లో పెరిగిన వారికి వేరే చెప్పక్కర్లేదు.

రైఫిల్ విషయానికి వచ్చేసరికి ఈ జాగ్రత్త తరచూ గాలికి పోతుంది. చేయి జారి పడుతుంది. ఎత్తి దుమ్ము తుడిచి భుజాన వేసుకుంటారు. తర్వాత ఎప్పుడో ఫైరింగ్‌కు వెళ్తే తూటాలన్నీ ఎడమకు పడతాయి. వెంటనే సైట్ కుడికి తిప్పుతారు. మధ్యలో పడడం మొదలవగానే సమస్య తీరిపోయిందనుకుంటారు. చాలాసార్లు అది తీరదు, కనబడకుండా పోతుందంతే. ఏది కదిలిందో తెలుసుకోకుండా సైట్ తిప్పడం అంటే, ఇంకా కదులుతూనే ఉన్న వస్తువును ఆధారంగా పెట్టుకుని లెక్క సరిచేయడమే. అందుకే అనుభవమున్న ఆర్మరర్లు, అంటే ఆయుధాలను తనిఖీ చేసి మరమ్మతు చేసే నిపుణులు, సైట్‌ను చిట్టచివరిగా ముట్టుకుంటారు.

బిలాస్‌పూర్‌లో రైఫిల్ ఎవరి చేతుల్లో ఉంటుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. 2003 నుంచి ప్రత్యేక జోన్‌గా పనిచేస్తున్న ఈ రైల్వేలో బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగపూర్ డివిజన్లు ఉన్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువాళ్లు ఈ లైన్ వెంట పనికి వెళ్లి స్థిరపడ్డారు. ఇప్పటికీ అక్కడి రైల్వే కాలనీల్లో తెలుగు వినిపిస్తుంది.

ఇలాంటి ఊళ్లో రైఫిల్ ప్రధానంగా మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది రైల్వే రక్షణ దళం, అంటే ఆర్‌పీఎఫ్. రైళ్లలో ఎస్కార్ట్‌గా వెళ్లే జవాన్లు కదులుతున్న పెట్టెలో, ఇరుకు తలుపుల మధ్య, కంకర మీద ఆయుధంతో తిరగాలి. రైఫిల్ ఎక్కడైనా తగలడానికీ, జారడానికీ అక్కడ అవకాశాలు ఎక్కువ. రెండోది ఎన్‌సీసీ. క్యాడెట్లకు పాయింట్ 22 రైఫిల్‌తో ఫైరింగ్ నేర్పుతారు. ఒకే రైఫిల్ ఏళ్ల తరబడి ఎన్నో చేతులు మారుతుంది. మూడోది క్రీడ. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం చాలా మధ్యతరగతి కుటుంబాల కల. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే అప్పట్లో సెంట్రల్ రైల్వేలో టికెట్ ఎగ్జామినర్. హైదరాబాద్ నుంచి వెళ్లి 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ తెలుగువారికి ఎలాగూ తెలుసు.

ఈ ముగ్గురి అవసరాలూ వేరు. క్రీడాకారుడికి తేడా ఒక్క మిల్లీమీటరైనా పతకం పోతుంది. క్యాడెట్‌కు తప్పు తనదో తుపాకీదో తెలియక నమ్మకం పోతుంది. జవాను విషయంలో పోయేది ఇంకొకరి ప్రాణం కావచ్చు.

ఒక్క దెబ్బకు అంత జరుగుతుందా?

చిన్న లెక్క వేద్దాం. సుమారు 4 కిలోల రైఫిల్ మీటరు ఎత్తు నుంచి సిమెంటు నేల మీద పడి, 5 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయిందనుకోండి. పడిన ఎత్తు ఆగిన దూరానికి 200 రెట్లు. కాబట్టి ఆ క్షణంలో దాని మీద పనిచేసే సగటు బలం దాని బరువుకు దాదాపు 200 రెట్లు ఉంటుంది. అంటే సుమారు 800 కిలోల బరువుతో సమానం. అది మడమ మీద పడిందా, బారెల్ మూతి మీద పడిందా, సైట్ మీద పడిందా అన్నదాన్ని బట్టి మిగతా కథ మారుతుంది.

ఇప్పుడు రెండో లెక్క. ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య అర మీటరు దూరం ఉన్న రైఫిల్‌లో, ఒక సైట్ అర మిల్లీమీటరు పక్కకు జరిగితే 100 మీటర్ల దగ్గర తూటా 10 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. 200 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు అంటే బాల్‌పెన్ గీత మందం. కంటితో చూస్తే తెలియదు.

ఎయిర్ రైఫిల్‌లో పరిస్థితి ఇంకా సున్నితం. 10 మీటర్ల పోటీ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లే. ఆ తర్వాతి వలయాల మధ్య ఎడం 2.5 మిల్లీమీటర్లు. సైట్ల మధ్య 80 సెంటీమీటర్లున్న రైఫిల్‌లో 0.1 మిల్లీమీటరు జరుగుడు టార్గెట్ దగ్గర 1.25 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే సగం వలయం. దశాంశ స్థానాల్లో ఫలితం తేలే ఫైనల్‌లో అది చాలా పెద్ద దూరం.

మొదటి పని గురి చూడడం కాదు

రైఫిల్ పడిన వెంటనే చేయాల్సింది మూతిని సురక్షిత దిశలో ఉంచి, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో, వేలితో రూఢి చేసుకోవడం. ఆ తర్వాత తనిఖీ పూర్తయ్యేదాకా దానితో కాల్చకూడదు.

దీనికి కారణం ట్రిగ్గర్. ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని లేదా ఫైరింగ్ పిన్‌ను ఆపి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క. దాని అంచు పట్టు చాలా తక్కువ. గట్టి దెబ్బకు ఆ అంచు చిట్లితే, లేదా దాన్ని పట్టి ఉంచే పిన్ను జరిగితే, తర్వాత చిన్న కుదుపుకే తూటా పేలిపోవచ్చు. గురి తప్పడం గురించి మాట్లాడేటప్పుడు దీన్ని మర్చిపోతుంటాం. నిజానికి రద్దీగా ఉన్న ప్లాట్‌ఫాం మీద అసలు ప్రమాదం ఇదే. 30 మీటర్ల దూరంలో అర మిల్లీమీటరు సైట్ తేడా 3 సెంటీమీటర్లే. నొక్కకుండా పేలే ట్రిగ్గర్‌కు ఏ లెక్కా లేదు. అందుకే ఆర్మరర్ ముందుగా ఖాళీ ఆయుధంతో సేఫ్టీ పనిచేస్తోందా, ట్రిగ్గర్ బరువు మారిందా, కాక్ చేసి ఉంచితే నిలబడుతోందా అని చూస్తారు.

గాలి సిలిండర్ ఉండే ఎయిర్ రైఫిళ్లలో ఇంకొకటి చూడాలి. ఆ సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త అటూఇటూ. సిలిండర్ మీద సొట్ట కనిపిస్తే దాన్ని మళ్లీ నింపకూడదు. బాగున్న సిలిండర్‌కే తయారైన తేదీ నుంచి పదేళ్ల గడువు ఉంటుంది.

కాల్చకుండానే తెలిసేవి

ఫైరింగ్ రేంజ్‌కు వెళ్లకముందే సగం విషయాలు బయటపడతాయి. ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు లేచింది అన్నది మొదటి సాక్ష్యం. దెబ్బ ఎటు నుంచి తగిలిందో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది.

మూతి మీద పడి ఉంటే చూడాల్సింది క్రౌన్. తూటా బారెల్‌ను వదిలే చివరి అంచును క్రౌన్ అంటారు. తూటా వెనక వచ్చే వాయువు అన్ని వైపులా సమానంగా బయటపడాలి. అంచులో ఒకచోట నొక్కు ఉంటే వాయువు ఒక పక్క ముందుగా తన్నుకొచ్చి తూటాను నెడుతుంది. పైగా మూతిలో మట్టి, కంకర పొడి ఇరుక్కుని ఉండొచ్చు. అడ్డం ఉన్న బారెల్‌తో కాల్చితే బారెల్ ఉబ్బవచ్చు, చీలవచ్చు. బోల్ట్ తీసి వెలుతురు వైపు చూడడం ఇందుకే.

పక్కకు పడి ఉంటే సైట్లు చూడాలి. ఇక్కడ దిశ ఒక ఆధారం ఇస్తుంది. ముందు సైట్ కుడికి వంగితే తూటాలు ఎడమకు పడతాయి, ఎందుకంటే దాన్ని లక్ష్యం మీదకు తేవడానికి మనం బారెల్‌నే ఎడమకు తిప్పుతాం. వెనక సైట్ కుడికి జరిగితే తూటాలూ కుడికే పోతాయి. కాబట్టి తూటాలు ఎడమకు పోతున్నాయంటే ముందు సైట్ కుడికి వంగిందా, వెనక సైట్ ఎడమకు జరిగిందా అని వెతకాలి. రెండూ నిటారుగానే ఉంటే అనుమానం బారెల్ మీదకు, స్టాక్ మీదకు వెళ్తుంది.

మడమ మీద పడి ఉంటే స్టాక్ చూడాలి. బారెల్, బోల్ట్ ఉండే ఇనుప భాగాన్ని స్టాక్‌తో బిగించే స్క్రూలు వదులైతే, ప్రతి తూటాకూ ఆ భాగం స్టాక్‌లో వేరే చోట కూర్చుంటుంది. చెక్క స్టాక్‌లో పిడి దగ్గర, స్క్రూ రంధ్రాల చుట్టూ సన్నని పగులు వస్తుంది. ఒకప్పుడు రైల్వేలో చక్రాన్ని సుత్తితో తట్టి శబ్దాన్ని బట్టి పగులు కనిపెట్టేవారు. స్టాక్ పగులు కూడా కొన్నిసార్లు కంటికి అందదు. చేత్తో కొద్దిగా వంచితే సన్నని కిరకిర వినిపిస్తుంది.

టెలిస్కోప్ ఉంటే దాని మౌంట్లు, రింగుల స్క్రూలు చూడాలి. ఒక స్క్రూ వదులుగా ఉందని తేలితే అన్నీ ఒకేసారి బిగించేయకుండా, ఏది ఎంత వదులో రాసుకుంటూ పోవాలి. బిగించాక ఆ సాక్ష్యం మిగలదు.

టార్గెట్ చెప్పే మాట

కంటి తనిఖీలో ప్రమాదం లేదని తేలాక అసలు పరీక్ష. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, ఎప్పుడూ వాడే రకం తూటాలతో, కొత్త టార్గెట్ల మీద ఐదేసి తూటాల గ్రూపులు కనీసం మూడు కాల్చాలి. మధ్యలో సైట్ ముట్టుకోకూడదు. ఎక్కడ పడుతున్నాయి, ఎంత దగ్గరగా పడుతున్నాయి అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా చూడాలి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

ఐదూ ఎప్పటిలాగే దగ్గరగా పడి, గ్రూపు మొత్తం ఒక పక్కకు జరిగితే మంచి వార్తే. ఏదో ఒకసారి జరిగి అక్కడే గట్టిగా నిలిచింది. సాధారణంగా అది సైట్ లేదా మౌంట్. కారణం కనిపెట్టి సరిచేశాక సైట్ తిప్పుకోవచ్చు.

గ్రూపు అన్ని వైపులకూ చెదిరితే సైట్ ఎంత తిప్పినా లాభం లేదు. క్రౌన్, బారెల్, వదులైన స్క్రూలు, పగిలిన స్టాక్ వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. టెలిస్కోప్ లోపలి స్ప్రింగ్ విరిగినా ఇలాగే ఉంటుంది.

తూటాలు రెండు వేర్వేరు చోట్ల గుమిగూడితే, ఏదో భాగం రెండు స్థానాల మధ్య ఊగుతోందన్నమాట. వదులు స్క్రూ మీద, టెలిస్కోప్ మీద అనుమానం పెరుగుతుంది.

మొదటి తూటాలు సరిగ్గా పడి, బారెల్ వేడెక్కేకొద్దీ ఒకే దిశలో జరుగుతూ పోతే, బారెల్ ఎక్కడో స్టాక్‌కు ఆనుకుంటోందని అర్థం. దెబ్బకు స్టాక్ కాస్త వంగితే ఇలా జరుగుతుంది.

మూడు గ్రూపులూ పాత చోటనే, పాత పరిమాణంలోనే పడితే రైఫిల్ బాగున్నట్టే. అప్పుడు చూడాల్సింది కాల్చే మనిషిని.

ఇక్కడ ఒక హెచ్చరిక. మామూలుగా 4 సెంటీమీటర్ల గ్రూపు ఇచ్చే రైఫిల్‌లో ఒక్క గ్రూపు ఒక సెంటీమీటరు పక్కన పడితే కంగారు పడక్కర్లేదు. ఏ రైఫిలూ ఐదు తూటాలను రెండుసార్లు ఒకే చోట వేయదు. మూడు గ్రూపులూ ఒకే వైపు జరిగితేనే అది సంకేతం.

ఇద్దరు విజేతల అనుభవం

ఈ తేడా ఎంత ముఖ్యమో ఒలింపిక్స్‌లోని రెండు సంఘటనలు చెబుతాయి. ఈ రెండింటిలోనూ రైఫిల్ కింద పడలేదు. కానీ రోగ నిర్ధారణ పద్ధతి ఒకటే.

2008 బీజింగ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా వేసిన సన్నాహక షాట్ మధ్యకు చాలా దూరంగా పడింది. సైట్ సెట్టింగ్ మారిపోయి ఉందని ఆయన తర్వాత చెప్పారు. ఉన్న కొద్ది నిమిషాల్లోనే సైట్ సరిచేసుకుని, ఫైనల్ తొలి షాట్ 10.7 వేశారు. భారత్‌కు తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చారు. అక్కడ చెదిరింది సైట్ ఒక్కటే. కాబట్టి సైట్ తిప్పడమే సరైన మందు.

2004లో అమెరికన్ షూటర్ మ్యాథ్యూ ఎమన్స్‌కు ఎదురైంది వేరు. ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు ఆయన రైఫిల్ ఉన్నట్టుండి గురి కోల్పోయింది. పరిశీలిస్తే ఎవరో బారెల్ లోపల పాడుచేసినట్టు తేలింది. దాన్ని సైట్‌తో సరిచేసే దారి లేదు. ఆయన తోటి షూటర్ దగ్గర రైఫిల్ తీసుకుని ఏథెన్స్‌కు వెళ్లి 50 మీటర్ల ప్రోన్‌లో స్వర్ణం గెలిచారు. పాత రైఫిల్‌నే పట్టుకుని రోజూ సైట్ తిప్పుతూ కూర్చుంటే ఆ పతకం ఉండేది కాదు.

పడింది కాబట్టి పడడమే కారణమా?

దెబ్బ తగిలిన తర్వాత ఏ తప్పు జరిగినా ఆ దెబ్బ మీదకు నెట్టేయడం మనిషి సహజ గుణం. ఫైరింగ్ రోజున వేరే బ్యాచ్ తూటాలు వచ్చాయా? పాయింట్ 22 తూటాల్లో బ్యాచ్ మారితే గ్రూపు మారడం మామూలే. బిలాస్‌పూర్‌లో ఎండాకాలం 45 డిగ్రీలు తాకుతుంది. వానాకాలంలో గాలి తడిసి ముద్దవుతుంది. పాత చెక్క స్టాకులు తేమకు ఉబ్బి బారెల్‌ను నొక్కుతాయి. జూన్‌లో పడిన రైఫిల్ జులైలో గురి తప్పితే తప్పు నేలదో, వానదో తేల్చుకోవాలి. అదే రకం రైఫిల్ మరొకటి తీసుకుని అదే రోజు, అవే తూటాలతో కాల్చి చూస్తే ఇది తేలిపోతుంది.

మనిషి సంగతీ అంతే. తన చేతిలోంచి పడిన రైఫిల్‌ను ఎవరూ మునుపటిలా నమ్మరు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో అనుమానం వేలిలోకి దిగుతుంది. అందుకే పరీక్షను రైఫిల్ పడిన సంగతి తెలియని మరో మంచి షూటర్‌తోనూ చేయించాలి. ఆ షూటర్ గ్రూపు బాగుంటే రైఫిల్ మీద అనుమానం తగ్గుతుంది, కానీ అదొక్కటే క్లీన్ చిట్ కాదు.

తప్పు రైఫిల్‌లోనే ఉందని తేలితే ఒక్కసారి ఒక్కటే మార్చాలి. స్క్రూ బిగించి, తూటా మార్చి, సైట్ తిప్పి ఒకేసారి కాల్చితే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. టెలిస్కోప్ మీద అనుమానముంటే చతురస్ర పరీక్ష ఉంది. ఒక గ్రూపు కాల్చి, 20 క్లిక్కులు కుడికి, 20 పైకి, 20 ఎడమకు, 20 కిందికి తిప్పుతూ ప్రతిసారీ అదే గురి బిందువు మీద కాల్చాలి. చివరి గ్రూపు మొదటి గ్రూపు మీదే పడాలి. పడకపోతే టెలిస్కోప్ మాట నమ్మడానికి లేదు.

దాచిపెట్టిన దెబ్బ

ఈ పరీక్షలన్నీ మొదలయ్యేది ఒక్క మాటతో: ‘రైఫిల్ పడింది.’ ఆ మాట చెప్పకపోతే ఆర్మరర్‌కు వెతకాల్సిన అవసరమే తెలియదు. క్యాడెట్ తిట్లకు భయపడతాడు. జవాను విచారణకు భయపడతాడు. స్పోర్ట్స్ కోటా సెలక్షన్స్ ముందున్న పిల్లవాడు లక్షల విలువ చేసే వస్తువు పాడైందని ఇంట్లో చెప్పలేకపోతాడు. చెప్పిన వారికి శిక్ష పడే చోట దెబ్బలు దాగిపోతాయి. ఆ రైఫిల్ మర్నాడు ఏమీ తెలియని మరొకరి చేతికి వెళ్తుంది.

పట్టాలో పగులు చూసిన గ్యాంగ్‌మన్ రైలును ఆపించాలని రైల్వే కోరుకుంటుంది. ఆపినందుకు రైలు ఆలస్యమైందని అతన్ని నిందిస్తే రెండోసారి ఎవరూ ఆపరు. ఆయుధాగారంలోనూ అదే న్యాయం వర్తించాలి. పడిన రోజు, పడిన తీరు రిజిస్టర్‌లో రాసి, తనిఖీ అయ్యేదాకా ఆ రైఫిల్‌ను డ్యూటీకి ఇవ్వకపోవడం మామూలు నియమంగా ఉండాలి తప్ప శిక్షగా కాదు.

సొంత లైసెన్స్ ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు లైసెన్స్ ఉన్నవారే చేయాలి. తెలిసిన లేత్ వర్క్‌షాపులో క్రౌన్ సానబట్టించడం చట్టానికీ విరుద్ధమే, గురికీ విరుద్ధమే. శుభ్రం చేయడం, చూడడం, రాసుకోవడం వరకే మన పని.

చివరికి గుర్తుంచుకోవాల్సిన వరుస చిన్నదే. ఖాళీ చేయాలి, చెప్పాలి, చూడాలి, సైట్ ముట్టకుండా కాల్చాలి, గ్రూపు చెప్పేది వినాలి, ఒక్కొక్కటిగా సరిచేయాలి. సైట్ తిప్పడం ఈ వరుసలో ఆఖరిది. దాన్ని మొదటికి తెస్తే టార్గెట్ మీద రంధ్రాలు కొన్నాళ్లు మధ్యలో పడతాయి. వదులైన స్క్రూ మాత్రం వదులుగానే ఉండి, మనకు అత్యంత అవసరమైన రోజున మళ్లీ జరుగుతుంది.